గోనెపట్టా నుంచి నల్లబల్ల దాకా



ఉపాసక, ఉపాసికలారా! మన ప్రతి ఇంట్లో బాబాసాహెబ్ ఫోటో ఉంటుంది, చేతిలో పుస్తకంతో. ఆ చదువు ఎట్లా సాగిందో పిల్లలకు చెప్పే ఇళ్ళు మాత్రం తక్కువ. ఈసారి ఆ ముచ్చటే చెప్పుకుందాం.

1891 ఏప్రిల్ 14న మౌలో పుట్టిన భీమ్‌రావు చిన్నతనంలో సాతారా బడిలో చదివాడు. ఇంటి నుంచి గోనెపట్టా తెచ్చుకుని విడిగా కూర్చునేవాడు. సాయంత్రం దాన్ని మళ్ళీ ఇంటికి మోసుకుపోవాలి. బడి ఊడ్చే మనిషి కూడా దాన్ని ముట్టడు. ప్యూను పోస్తేనే నీళ్ళు, ప్యూను రాని రోజు దాహమే.

తర్వాత కుటుంబం బొంబాయి చేరింది. పరేల్‌లో ఒకే గది. వంటా అక్కడే, పడకా అక్కడే. పగలు ఆ సందడిలో చదువు సాగేది కాదు. అందుకని తండ్రి రామ్‌జీ సుబేదారు కొడుకును పెందలాడే పడుకోబెట్టేవాడు. తాను మేలుకుని ఉండి, రాత్రి రెండు గంటలకు భీమ్‌ను లేపి, అప్పుడు నడుం వాల్చేవాడు. అందరూ నిద్రపోయే ఆ వేళే పిల్లవాడికి దొరికిన స్టడీ రూము. పుస్తకాలకు డబ్బుల్లేకపోతే పెళ్ళయిన కూతుళ్ళ నగలు అడిగి కుదువ పెట్టేవాడు ఆ తండ్రి. మా ఇంట్లో చోటు లేదండీ అనే తల్లిదండ్రులు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. చోటు లేకపోయినా ఒక వేళ కేటాయించవచ్చు.

ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో ఒకరోజు మాష్టారు లెక్క చెయ్యడానికి భీమ్‌రావును నల్లబల్ల దగ్గరికి పిలిచారు. క్లాసంతా గోల. ఎందుకంటే ఆ బల్ల వెనకాల మిగతా పిల్లల అన్నం డబ్బాలున్నాయి. వాటిని గబగబా పక్కకు తీసేసుకున్నాకనే భీమ్‌రావు బల్ల దాకా వెళ్ళాడు. వెళ్ళాడు, అదీ ముఖ్యం. సంస్కృతం మాత్రం నేర్పలేదు. పార్శీ తీసుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు మన పిల్లల దగ్గరికి రండి. గోనెపట్టా లేదు, బెంచీ ఉంది. అయినా చాలామంది చివరి బెంచీలోనే కూర్చుంటారు. అర్థం కాకపోయినా చెయ్యి ఎత్తరు, సారు ఏమంటారో, పక్కవాళ్ళు నవ్వుతారేమో అని. మీ పాపను మార్కులెన్ని అని అడుగుతారు గదా, ఈ రోజు క్లాసులో ఏం ప్రశ్న అడిగావమ్మా అని కూడా అడగండి. ప్రశ్నించడం గురువును అవమానించడం కాదు. పెద్దలు చెప్పారనో, గ్రంథంలో ఉందనో నమ్మెయ్యకండని కాలాములకు చెప్పినవాడు మన తథాగతుడు.

1913లో బాబాసాహెబ్ బరోడా స్కాలర్‌షిప్ మీద కొలంబియా యూనివర్సిటీకి వెళ్ళారు. 1916 మే నెలలో, గోల్డెన్‌వైజర్ గారి సెమినారులో, భారతదేశంలో కులాల పుట్టుక మీద తన పరిశోధనా పత్రం చదివారు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్ళు.

లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం లైబ్రరీ తెరిచే వేళకు వెళ్ళి, మూసేదాకా కూర్చునేవారు. మధ్యాహ్నం తిండి చాలాసార్లు మానుకున్నారు (అది పేదరికం, దాన్ని మీ పిల్లలు అనుకరించనక్కర్లేదు, టిఫిను పెట్టి పంపండి). చదివింది చదివినట్టు నోట్సు రాసుకునేవారు. 1917లో ఇండియాకు పంపిన పుస్తకాల సామాను ఓడతో సహా సముద్రంలో మునిగిపోయింది, యుద్ధం రోజులు. డీఎస్సీ కోసం రూపాయి సమస్య మీద సిద్ధాంత గ్రంథం ఇస్తే మళ్ళీ రాయమన్నారు పరీక్షకులు. బొంబాయి వచ్చి సరిచేసి పంపారు. 1923లో డిగ్రీ వచ్చింది.

సంస్కృతం దక్కనివ్వని ఆ పిల్లవాడు పెద్దయ్యాక దాన్ని తానే నేర్చుకున్నారు. బుద్ధవచనం కోసం పాళీ కూడా పట్టారు. ఆయన తయారుచేసిన పాళీ వ్యాకరణం, నిఘంటువు మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన 16వ సంపుటిలో ఉన్నాయి. మీ దగ్గరి విహారంలో ఆ సంపుటి ఉంటే, ఈ ఆదివారం వందన అయ్యాక పిల్లల చేత ఒక పేజీ తిప్పించండి.