మళ్ళీ చెప్పమని అడగండి

మా ధూల్‌పేటలో సంక్రాంతికి పతంగులు ఎగరేసేటప్పుడు ఒకడు మాంజా పట్టుకుంటే, ఇంకొకడు పతంగి పట్టుకుని దూరంగా నిలబడతాడు. ఇటునుంచి వదలమని కేక వేస్తాం. అటునుంచి బదులు కేక రాకపోతే వినబడలేదనుకుని మళ్ళీ వేస్తాం. క్లాసులో రీట్రాన్స్‌మిషన్ పాఠం విన్నప్పుడు నాకా కేకలే గుర్తొచ్చాయి. తర్వాత శామ్యూల్ మోర్స్ జీవితం చదివాను.

మోర్స్ 1791లో అమెరికాలోని ఛార్లెస్‌టౌన్‌లో పుట్టారు. వృత్తిరీత్యా చిత్రకారుడు. 1825 ఫిబ్రవరిలో వాషింగ్టన్‌లో లఫాయెట్ చిత్రం వేసే పనిలో ఉండి, న్యూహేవెన్‌లోని భార్య లుక్రీషియాకు జాబు రాశారు. ఆమె అప్పటికి మూడు రోజుల కిందటే కన్నుమూసింది. కబురంది ఇల్లు చేరేసరికి అంత్యక్రియలు కూడా అయిపోయాయి.

1832లో ఓడ ప్రయాణంలో విద్యుదయస్కాంతం గురించిన ముచ్చట్లు విని ఆయనకు టెలిగ్రాఫ్ ఆలోచన తట్టింది. దానికి ఆ దుఃఖమే మూలమంటారు కొందరు. మధ్యలో ఏడేళ్ళున్నాయి గనుక నేనంత గట్టిగా చెప్పలేను. 1843లో అమెరికా కాంగ్రెస్ 30,000 డాలర్లు మంజూరు చేసింది. 1844 మే 24న వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు తీగమీద సందేశం వెళ్ళింది. కథ చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నాకు నచ్చింది ఆ తర్వాతి ఘట్టం. బాల్టిమోర్‌లో ఉన్న ఆల్‌ఫ్రెడ్ వేల్ అవే మాటలు వెనక్కి పంపాడు. తన కబురు సరిగ్గా అందిందని మోర్స్‌కు రూఢి అయింది అప్పుడే.

తర్వాతి కాలంలో తంతి గుమాస్తాలు కబురుతోపాటు అందులో ఎన్ని మాటలున్నాయో కూడా పంపేవారు. లెక్క కుదరకపోతే అవతలివారు మళ్ళీ పంపమనేవారు. 1940లలో డచ్ ఇంజనీరు వాన్ డ్యూరెన్ ఈ పనిని యంత్రానికే అప్పగించాడు. ఒక్కో అక్షరానికి ఏడు సంకేతాలు. మూడు ఒక రకం, నాలుగు మరో రకం. ఆ లెక్క చెడితే యంత్రమే మళ్ళీ అడుగుతుంది. నేటి నెట్‌వర్కుల్లోనూ అంతే. ముట్టినట్టు రసీదు గడువులోగా రాకపోతే ఆ ముక్క మళ్ళీ బయలుదేరుతుంది. మన దేశంలో తంతి సేవ 2013లో ఆగిపోయినా ఆ పద్ధతి మాత్రం ఆగలేదు.

మోర్స్ 1872లో న్యూయార్క్‌లో కన్నుమూశారు. ఆయన కథ నాకు ఆలస్యంగా అందింది. తెలుగు మీడియం నుంచి వచ్చిన నేను మొదటి ఏడాది పాఠం అర్థం కాకపోయినా అర్థమైనట్టు తల ఊపేవాణ్ణి. అంటే దొంగ రసీదు ఇచ్చానన్నమాట! ఆ పేపరు తప్పాను. జూనియర్ మిత్రులారా, సిగ్గుపడకండి. చెయ్యెత్తి మళ్ళీ చెప్పమని అడగండి. లెక్చరర్‌గార్లూ, మేం తల ఊపినంత మాత్రాన దాన్ని రసీదు అనుకోకండి!