విమాననిర్మాత జెఫ్రీ డి హావిలాండుగారు

విమానము నడుపుట నేర్చుకొనువారికి చెప్పు తొలిపాఠములలో నొకటి మిక్కిలి భయము గొలుపును. ఆకాశమున పోవుచుండగా గురువు ముందుగా చెప్పకయే ఇంజను వేగమును పూర్తిగా తగ్గించివేయును. అంతవరకు చెవులు గింగురుమనిపించిన హోరు ఒక్కసారిగా అణగిపోవును. అప్పుడు శిష్యుడు విమానపు ముక్కును కొంచెము క్రిందికి వంచి వేగమును నిలుపుకొనవలెను. పిదప చదునైన పొలము నొకదానిని వెదకి ఎదురుగాలిలో దిగుటకు సిద్ధపడవలెను. భయపడి ముక్కు పైకెత్తెనా, వేగము నశించి రెక్కలు గాలిపై పట్టు కోల్పోవును. విమానము రాయివలె పడును. నిజమునకు తేలికవిమానము ఇంజను ఆగినంతమాత్రమున కూలదు. గ్రద్ద రెక్కలు కదపకయే జారుచు దిగునట్లు అదియు దిగగలదు.

ఈ పాఠమును సామాన్యులు ధైర్యముగా నేర్చుకొనదగిన విమానమును లోకమునకిచ్చినవారిలో జెఫ్రీ డి హావిలాండుగారు ముఖ్యులు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున హైదరాబాదులోని బేగంపేటలో మన దేశపు యువకులు విమానవిద్య నేర్చినది ఈయన టైగర్ మాత్ విమానముల మీదనే.

హావిలాండుగారు 1882 జూలై 27వ తేదీన ఇంగ్లండులో జన్మించిరి. తండ్రి పాదిరి. కుమారుడును ఆ వృత్తిలోనే ప్రవేశించునని తలచిరి గాని, బాలుని మనస్సు యంత్రములపైననే యుండెను. మరణానంతరము మనుమనికి చెందవలసిన వేయి పౌనులను తాతగారు ముందుగానే ఇచ్చివేసిరి. ఆ ధనముతో ఈయన విమానమునే గాక దానికి కావలసిన ఇంజనును గూడ స్వయముగా రూపకల్పన చేసిరి. ఫ్రాంక్ హెర్ల్ అను మిత్రుడు తోడ్పడెను. రెక్కల గుడ్డను భార్య లూయీ కుట్టుమిషనుపై కుట్టెను.

1909 డిసెంబరులో ఆ విమానము నేల విడిచిన కొన్ని క్షణములకే రెక్క విరిగి కూలెను. దూలములకు వాడిన కొయ్య బలహీనమైనది. ప్రాణము దక్కెను, ఇంజనును దక్కెను. దానినే అమర్చి మరియొక విమానమును నిర్మించి 1910 సెప్టెంబరులో ఎగిరిరి. గురువు లేని విద్య గుడ్డివిద్య యందురు. కాని ఆ దినములలో ఈ విద్యకు గురువులు ఎందరుండిరి? ఆయన తనకు తానే గురువై నేర్చుకొనిరి.

మొదటి ప్రపంచయుద్ధమున ఆయన నిర్మించిన యుద్ధవిమానములు పేరుపొందినవి. 1920లో సొంత సంస్థను స్థాపించిరి. 1925లో మాత్ అను తేలికవిమానము పుట్టెను. ఆయనకు సీతాకోకచిలుకలన్నను చిమ్మటలన్నను ఎంతో ప్రీతి. ఈ విమానపు రెక్కలు చిమ్మట రెక్కలవలె వెనుకకు మడచుటకు వీలైనవి గనుక ఆ పేరు పెట్టిరి.

దాని ఇంజను కథ వినదగినది. యుద్ధానంతరము మిగిలిన ఎనిమిది సిలిండర్ల ఇంజనును సగము చేసి, ఫ్రాంక్ హాల్ఫర్డ్ అను నిపుణుడు నాలుగు సిలిండర్ల ఇంజనును కూర్చెను. పాత సామగ్రి తరిగిపోగా జిప్సీ అను క్రొత్త ఇంజను తయారయ్యెను. అది నమ్మదగినదని జనులకు చూపుట ఎట్లు? ఒక ఇంజనునకు ముద్రవేసి, తొమ్మిది నెలలలో 600 గంటలు ఎగిరించిరి. పిమ్మట విప్పి చూడగా మార్చవలసిన భాగముల ఖర్చు ఏడు పౌనులకు కొంచెము మించినది! 1930లో ఏమీ జాన్సను అను యువతి జిప్సీ మాత్‌లో ఒంటరిగా, ఝాన్సీ కలకత్తాల మీదుగా, ఇంగ్లండునుండి ఆస్ట్రేలియా చేరెను.

1931లో వచ్చిన టైగర్ మాత్ శిక్షణకే ఏర్పడినది. పెట్రోలు తొట్టి పైరెక్కలో నుండుటచే ఇంధనము తనంతట తానే ఇంజనునకు దిగును. పంపు చెడునను భయము లేదు. ఒక్కొక్క సిలిండరునకు రెండేసి ప్లగ్గులు. ఇంతచేసియు ఇంజను ఆగినచో, గంటకు 50 మైళ్లకు తక్కువ వేగమున చిన్న పొలములో దిగవచ్చును. హావిలాండుగారి పేరు చెప్పగనే పెద్దలు కామెట్ అను జెట్ విమానమును తలతురు. నాకు మాత్రము ఈ చిన్న విమానమే గొప్పదిగా తోచును.

ఇందరి బిడ్డలకు ఎగురుట నేర్పిన విమానముల నిర్మాతకు ముగ్గురు కుమారులు. 1943లో రెండు విమానములు ఢీకొని జాన్ మరణించెను. 1946లో అతివేగ విమానమును పరీక్షించుచు, అది గాలిలోనే ముక్కలు కాగా, జ్యేష్ఠుడైన జెఫ్రీ మరణించెను. ఇంజను దోషము ఈ రెంటిలోను లేదు. తల్లి మనస్సు క్రుంగెను. 1949లో ఆమెయు గతించెను.

హావిలాండుగారు పని విడువలేదు. డెబ్బది యేండ్ల వయస్సు వరకు తాముగా విమానము నడిపిరి. 1965 మే 21వ తేదీన, తమ 82వ యేట మరణించిరి.