గ్రీన్ కార్డు లేని సుబ్బారావు గారు

ఫైనల్ ఇయర్‌కి వచ్చేసరికి మన హాస్టల్లో చర్చలన్నీ ఒక్కదాని చుట్టూనే తిరుగుతాయి. ప్లేస్‌మెంటా, ఎమ్మెస్సా? ఎమ్మెస్ అన్నవాళ్ళకి ఇంకో ప్రశ్న కాచుకుని ఉంటుంది. వెళ్ళాక అక్కడే ఉండిపోతావా, వచ్చేస్తావా? పీఆర్‌కి అప్లై చేస్తావా? దానికి దాదాపు అందరం చెప్పే జవాబు ఒకటే. ముందు వెళ్ళనీ, తర్వాత చూద్దాం.

ఈ తర్వాత చూద్దాం అన్న మాట ఎంత దూరం తీసుకెళ్తుందో తెలియాలంటే, నూరేళ్ళ కిందట మన భీమవరం నుంచి బయల్దేరిన ఒకాయన కథ చదవాలి. జీకే బిట్లలో ఆయన పేరు అందరం బట్టీ పట్టినవాళ్ళమే: ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన ఏం కనిపెట్టారో ఆ బిట్లలో ఉంటుంది. దాదాపు పాతికేళ్ళు అమెరికాలో ఉండి కూడా ఆయన ఆ దేశ పౌరుడు కాలేదనీ, అలాగని ఇంటికీ తిరిగి రాలేదనీ మాత్రం ఎవరూ రాయరు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఇంట్లో పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. చదువు మీద ఈయనకి మొదట్లో ధ్యాస లేదు. పదమూడేళ్ళ వయసులో కాశీ వెళ్ళి యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇల్లు వదిలి పారిపోయారు. తల్లి వెంకమ్మ గారు వెనక్కి రప్పించి మళ్ళీ బళ్ళో కూర్చోబెట్టారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి గట్టెక్కారు. బ్యాక్‌లాగ్‌లు ఉన్నవాళ్ళు ఈ వాక్యం గోడ మీద రాసుకోవచ్చు.

తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ. అక్కడ రామకృష్ణ మఠం వైపు మనసు మళ్ళి, సన్యాసం తీసుకుంటానన్నారు. తల్లి ఒప్పుకోలేదు. మెడిసిన్‌లో చేరారు. గాంధీ పిలుపు విని ఆపరేషన్ గదికి ఖద్దరు వేసుకెళ్ళారు, తెల్లదొర అయిన సర్జరీ ప్రొఫెసర్‌కి అది నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్ రావాల్సిన మనిషికి దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతిలో పెట్టారు. దాంతో ప్రభుత్వ ఉద్యోగం దొరకలేదు. మద్రాసు ఆయుర్వేద కాలేజీలో అనాటమీ పాఠాలు చెప్పుకుంటూ గడిపారు.

అప్పటికే 1919లో శేషగిరి గారితో పెళ్ళయింది. అదే కాలంలో ఇద్దరు సోదరులు రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టక మనిషి చిక్కి శల్యమైపోయే జబ్బు అది. ఈయన కూడా దాని బారిన పడి బయటపడ్డారు. దానికి మందు ఎందుకు లేదన్నది ఆయన మనసులో నాటుకుపోయింది. అమెరికా వెళ్ళి చదవాలన్న పట్టుదల దాంతో పెరిగింది.

డబ్బు ఎలా? కొంత మామగారు కూడబెట్టారు. కొంత సాయం చేస్తామని కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ మాట ఇచ్చింది. ఆ నాయకర్ గారు రంగూన్ వెళ్ళి వ్యాపారంలో గడించిన మనిషి. అంటే ఒక తెలుగువాడు పరదేశంలో సంపాదించిన సొమ్ము ఇంకో తెలుగువాణ్ణి ఇంకో పరదేశానికి పంపిందన్నమాట. చదువు కాగానే తిరిగి రావాలన్నదే మొదట్లో ఉద్దేశం. భార్యని పుట్టింట్లో వదిలి, 1920ల మొదట్లో ఓడెక్కి బోస్టన్ చేరారు.

హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమాలో చేరారు. స్కాలర్‌షిప్ లేదు. పొట్ట గడవడానికి ఒక ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశారు. డాక్టరు పట్టా ఉన్న మనిషి రోగుల కింద పాన్‌లు శుభ్రం చేసి, పొద్దున్నే క్లాసుకి వెళ్ళేవారు. క్యాంపస్ జాబ్ అంటూ మనవాళ్ళు ఇవాళ చేసేవాటికి ఈయన పెద్దన్న.

ఇక కాగితాల సంగతికి వద్దాం. అప్పటి అమెరికా చట్టం ప్రకారం బయటి దేశంలో పుట్టినవాళ్ళలో తెల్లవాళ్ళకీ, ఆఫ్రికా సంతతివాళ్ళకీ మాత్రమే పౌరసత్వం ఇస్తారు. మరి భారతీయులు ఏ లెక్కలోకి వస్తారు? ఈ ప్రశ్న భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ కేసులో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషాయన. 1923 ఫిబ్రవరిలో కోర్టు తేల్చేసింది: భారతీయులు తెల్లవాళ్ళు కారు, పౌరసత్వానికి అర్హులు కారు. మరుసటి ఏడాది, 1924లో, ఇంకో చట్టం వచ్చింది. పౌరసత్వానికి అర్హత లేనివాళ్ళు స్థిరపడటానికి అసలు రాకూడదన్నారు. చదువుకోడానికి వస్తే సరే.

అంటే సుబ్బారావు గారికి అప్లై చేయాలా వద్దా అన్న మీమాంసే లేదు. అప్లై చేయడానికి ఫారమే లేదు. మనం కనీసం లైన్లో నిలబడి లైను పెద్దదని తిట్టుకుంటాం. ఆయనకి లైనే లేదు.

అలాంటి హోదాలో ఉన్న మనిషికి ఇంకో చిక్కు కూడా ఉంటుంది. ఒకసారి దేశం దాటితే మళ్ళీ లోపలికి రానిస్తారన్న భరోసా లేదు. స్టాంపింగ్ భయంతో అక్క పెళ్ళికి కూడా రాలేకపోయిన సీనియర్లు మనకి తెలుసు కదా, అదే చిక్కు.

అక్కడ పని మాత్రం పెరిగిపోతూ వచ్చింది. సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసర్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగుని బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. ఫిస్క్-సుబ్బారావ్ పద్ధతి అని బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో దాన్ని ఇప్పటికీ చెప్తారు. ఆ కొలత చేతికొచ్చాక కండరాల్లోకి వెళ్ళారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, ఆ తర్వాత ఏటీపీ. కండరం కదలడానికి శక్తి ఎక్కడిది అన్న ప్రశ్నకి అప్పటిదాకా ఉన్న జవాబు తారుమారైంది. 1930లో పీహెచ్‌డీ వచ్చింది.

ఇంత చేశాక ఏ మనిషైనా స్థిరమైన ప్రొఫెసర్ పదవి ఆశిస్తాడు. హార్వర్డ్ ఇవ్వలేదు. పదేళ్ళు చిన్న హోదాలోనే ఉంచింది. 1940లో ఆయన హార్వర్డ్ వదిలి, న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళారు. సరిగ్గా అదే ఏడాది ఇంకో చట్టం వచ్చింది. దేశంలో ఉన్న పరాయి దేశస్థులు, పద్నాలుగేళ్ళు దాటినవాళ్ళంతా, వేలిముద్రలిచ్చి నమోదు చేసుకోవాలి. పరిశోధన విభాగానికి పెద్దగా ఎదిగి, యుద్ధకాలంలో ఆ దేశానికి మందులు తయారుచేసిన మనిషి, కాగితం మీద మాత్రం ఏలియన్.

మరి ఇక్కడ? ఆయన వెళ్ళాక కొడుకు పుట్టాడు, పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డని చూడనే లేదు. శేషగిరి గారు ఎదురుచూస్తూనే ఉన్నారు. డిప్లొమా అయ్యాక వస్తారనుకున్నారు, పీహెచ్‌డీ వచ్చింది. పీహెచ్‌డీ అయ్యాక అనుకున్నారు, ఉద్యోగం వచ్చింది. ఈ కథలో నాకు మింగుడుపడని భాగం ఇదే. ఇక రాను అని ఒక్కసారి గట్టిగా చెప్పి ఉంటే ఆమె ఏడ్చేది, తిట్టేది, ఆ తర్వాత తన దారి ఏదో తను చూసుకునేదేమో. ప్రతిసారీ ఇంకొంచెం ఆగు అన్నట్టే బతుకు సాగింది. ఆ రోజుల్లో ఒక ఆడమనిషికి ఆగడం తప్ప వేరే దారి కూడా ఎవరూ చూపలేదు.

1946 జూలై 2న తలుపు తెరుచుకుంది. లూస్-సెల్లర్ చట్టం మీద అధ్యక్షుడు ట్రూమన్ సంతకం పెట్టారు. భారతీయులు పౌరసత్వానికి అప్లై చేసుకోవచ్చు. కొత్తగా వచ్చేవాళ్ళకి ఏడాదికి వంద మంది కోటా. వందంటే నవ్వొస్తుంది గానీ, సున్నాతో పోలిస్తే అదే పెద్ద సంఖ్య. మరుసటి ఏడాది మన దేశానికి స్వాతంత్ర్యం కూడా వచ్చింది. అంటే ఆయన ముందు ఇప్పుడు రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి. అక్కడి పౌరుడు కావచ్చు. లేదా, ఖద్దరు వేసుకున్నందుకు చిన్నబుచ్చిన దొరలు వెళ్ళిపోయిన దేశానికి తిరిగి రావచ్చు.

ఆ రెండేళ్ళూ ల్యాబులో ఏం జరిగిందో చూడండి. ఆయన బృందం అప్పటికే ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారు చేసింది. సోదరుల్ని మింగిన స్ప్రూకి అదే మందైంది. 1947లో బోదకాలుకి హెట్రజాన్ వచ్చింది. ఫోలిక్ యాసిడ్‌ని పోలి ఉంటూ దాని పనికి అడ్డుపడే అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరుకి ఇచ్చారు. ల్యుకేమియా ఉన్న 16 మంది పిల్లలకి వాడితే 10 మందిలో కొంతకాలం జబ్బు తగ్గుముఖం పట్టిందని 1948 జూన్‌లో ఆయన ప్రచురించారు. పిల్లల రక్త కాన్సర్ మందుకి లొంగడం మొదలైంది అక్కడే. దానికి దగ్గరి చుట్టమే ఇవాళ్టి మెథోట్రెక్సేట్. అదే ఏడాది, టెట్రాసైక్లిన్‌లలో మొదటిదైన ఆరియోమైసిన్‌ని ఆ ల్యాబులోనే బెంజమిన్ డుగ్గర్ లోకానికి చూపించారు.

రెండు తలుపుల్లో దేని గుండానూ ఆయన వెళ్ళలేదు. 1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండెపోటుతో పోయారు. 53 ఏళ్ళు. అమెరికా పౌరుడు కాలేదు, ఇంటికి చేరలేదు. శేషగిరి గారు ఆయన్ని మళ్ళీ చూడలేదు.

ఆయన చేసిన మందు మాత్రం ఇంటికొచ్చింది. గోదావరి జిల్లాలవాళ్ళకి చెప్పక్కర్లేదు, బోదకాలు మన ఊళ్ళ జబ్బు. బోదకాలు మాత్రలంటూ ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి, వయసుని బట్టి ఒకటి, రెండు, మూడు లెక్కన దగ్గరుండి మింగించేవారు. ఆ డీఈసీ మాత్ర, హెట్రజాన్ ఒకటే. చిన్నప్పుడు అది మింగినవాళ్ళు మనలోనే ఉంటారు. ఆయన దేశానికి ఏం చేశాడని ఎవరైనా అడిగితే జవాబు అదే. కానీ ఆ మాత్ర శేషగిరి గారి ఎదురుచూపుకి బదులు కాదు. రెండూ నిజాలే, ఒకదానితో ఇంకోటి కొట్టేయలేం.

ఇప్పుడు మన సంగతి. ఇవాళ ఫారం ఉంది. లైనూ ఉంది, ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్ కార్డుల్లో మామూలుగా ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్న నిబంధన వల్ల మనవాళ్ళ లైను ఏళ్ళ తరబడి కదలదు. అప్లై చేసినవాళ్ళు దేశద్రోహులు కారు, చేయనివాళ్ళు అమాయకులూ కారు. ఉండిపోవాలనుకుంటే అప్లై చేయండి, రావాలనుకుంటే రండి. పాతికేళ్ళలో ఇరవైమూడేళ్ళు సుబ్బారావు గారికి ఆ ఛాయిస్ లేదు, కాబట్టి ఆయన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. మనకి ఉంది. ఉండి కూడా తర్వాత చూద్దాం అంటూ పోతే, ఆ నిర్ణయం మన బదులు కాలం తీసుకుంటుంది, దాని ఖరీదు మాత్రం ఇంకెవరో కడతారు.

కాబట్టి సెండాఫ్ రోజున స్టేషన్‌లో అమ్మ ఎప్పుడొస్తావురా అని అడిగితే, రెండేళ్ళలో అని అలవాటుగా అనేయకండి. నిజంగా ఏమనుకుంటున్నారో అది చెప్పండి. తెలియకపోతే తెలియదనే చెప్పండి.