సర్దార్ కె.ఎం. పణిక్కర్

కావాలం మాధవ పణిక్కర్ 1895 జూన్ 3వ తేదీన తిరువాన్కూరు సంస్థానంలోని కావాలం గ్రామంలో జన్మించారు. మద్రాసులో విద్యాభ్యాసానంతరం ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్రను అభ్యసించి ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. స్వదేశానికి మరలివచ్చి అలీగఢ్‌లో ఆచార్య పదవిని స్వీకరించారు. అయితే విద్యాపీఠం ఆయనను ఎంతోకాలం నిలుపుకోలేకపోయింది. టంగుటూరి ప్రకాశం పంతులుగారి ‘స్వరాజ్య’ పత్రికలోను, ‘హిందుస్థాన్ టైమ్స్’లోను పనిచేసి, పిమ్మట సంస్థానాల కొలువులో చేరి బికనీరు దివాను అయ్యారు.

బోధనను వీడినా పరిశోధనను వీడలేదు. మలబారు తీరంలో పోర్చుగీసువారి చరిత్రను 1929లోను, డచ్చివారి చరిత్రను 1931లోను ప్రకటించారు. సముద్రంపై ఆధిపత్యం కోల్పోయిన జాతి భూమిపై స్వాతంత్ర్యాన్ని కూడ నిలుపుకోజాలదన్న భావం ఆయనలో క్రమంగా బలపడింది. 1953లో వెలువడిన ‘ఆసియా అండ్ వెస్టర్న్ డామినెన్స్’ ఆ ఆలోచనకు పరిపక్వ రూపం. వాస్కోడిగామా కోళిక్కోడు చేరిన 1498 మొదలుకొని 1945 వరకు గల కాలాన్ని ఆయన ఒకే యుగంగా భావించారు. భారత, చైనా, జపాన్, ఆగ్నేయాసియా దేశాల చరిత్రలను ఒక్క సూత్రాన గుచ్చి, ఆసియావాసి దృష్టితో వ్రాసిన గ్రంథమది. అందులోని కొన్ని నిర్ణయాలతో పండితులు విభేదించినా, దానిని విస్మరించలేకపోయారు.

చరిత్ర వ్రాసిన ఈయనకు చరిత్ర జరుగుతుండగా చూచే అవకాశం కూడ లభించింది. 1948లో చైనాకు భారత రాయబారిగా వెళ్ళారు. 1950 అక్టోబరు 2వ తేదీ అర్ధరాత్రి దాటిన వేళ చైనా ప్రధాని చౌ ఎన్‌లై ఆయనను పిలిపించి, అమెరికా సేనలు కొరియాలో 38వ అక్షాంశాన్ని దాటితే చైనా యుద్ధంలో ప్రవేశిస్తుందని తెలిపారు. పణిక్కర్ ఆ హెచ్చరికను వెంటనే ఢిల్లీకి చేరవేశారు. ఆయన చైనా పక్షపాతి అన్న అనుమానంతో వాషింగ్టన్ దానిని లక్ష్యపెట్టలేదు. ఆ నెల ముగియకముందే చైనా సేనలు రణరంగంలో నిలిచాయి. అదే నెలలో టిబెట్టుపై చైనా దండెత్తింది. ఆ విషయంలో పణిక్కర్ చైనాను అతిగా నమ్మారని సర్దార్ పటేల్ నవంబరులో నెహ్రూకు వ్రాసిన లేఖలో ఆక్షేపించారు. ఈ ఆక్షేపణను త్రోసిపుచ్చడం కష్టమే.

1953లో ఏర్పడిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘంలో ఆయన సభ్యులు. తెలంగాణ ప్రాంతాన్ని తత్కాలం హైదరాబాదు రాష్ట్రంగా వేరుగా ఉంచవలెనని ఆ సంఘం 1955లో సూచించింది. మాతృభాష మలయాళంలో ‘కేరళసింహం’ వంటి నవలలు కూడ ఆయన రచించారు. జీవిత చరమదశలో పణిక్కర్ తిరిగి విద్యాపీఠానికే చేరారు. తొలుత కాశ్మీరు, తరువాత మైసూరు విశ్వవిద్యాలయాలకు ఉపాధ్యక్షులై, 1963 డిసెంబరు 10వ తేదీన మైసూరులో కీర్తిశేషులయ్యారు.