అమ్మమ్మ మాత్రల వెనక మన సుబ్బారావు

పద్మారావు నగర్‌లో మా ఇంటి దగ్గరున్న మెడికల్ షాపుకి నెలనెలా నేనే వెళ్తాను. అమ్మమ్మకి కీళ్లవాతం. వారానికోసారి మెథోట్రెక్సేట్, దాని సైడ్ ఎఫెక్టులు తగ్గడానికి వేరే రోజున ఫోలిక్ యాసిడ్. ఈ రెండు మాత్రల వెనకా ఒకే తెలుగాయన ఉన్నారని పోయిన సెమిస్టర్ దాకా నాకు తెలీదు.

అది కూడా అనుకోకుండా తెలిసింది. బయాలజీ సెమినార్‌లో నాకొచ్చిన టాపిక్, బాక్టీరియా ఎంజైమ్‌కి ఈస్టుని జతచేసి అమైనో ఆమ్లాలు తయారుచేయడం. చదువుతుంటే ఎక్కడ చూసినా ఏటీపీ. ఇది ఎవరు కనిపెట్టారా అని వెతికితే దొరికిన పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో పాసయ్యారు. (బ్యాక్‌లాగులున్న మిత్రులు గమనించగలరు!) ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టక, రక్తం తగ్గిపోయి మనిషి చిక్కి శల్యమయ్యే జబ్బు అది. అప్పట్లో దానికి సరైన మందు లేదు.

మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుతూ, గాంధీగారి పిలుపు విని ఖద్దరు సర్జికల్ గౌను వేసుకున్నారు. సర్జరీ ప్రొఫెసరుకి కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్ బదులు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ చేతికొచ్చింది. తర్వాత మామగారి సాయంతో బోస్టన్ చేరారు. భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు. అక్కడ ఖర్చులకోసం రాత్రిపూట హాస్పిటల్‌లో పోర్టర్‌గా పనిచేశారు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి తయారుచేశారు. 1925లో అచ్చయిన ఆ పద్ధతికి ఇప్పటికీ వాళ్లిద్దరి పేరే. దాంతోనే 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ దొరికాయి. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నారు.

ఏటీపీ అంటే మన ఒంట్లో ఛార్జ్ చేసిన బ్యాటరీ అనుకోండి. వాడితే ఒక ఫాస్ఫేట్ ఊడి ఏడీపీ అవుతుంది. నా సెమినార్ టాపిక్ అంతా ఈ బ్యాటరీ మీదే నడుస్తుంది. బాక్టీరియా నుంచి తీసిన ఒక ఎంజైమ్, గ్లుటామిక్ ఆమ్లానికి అమ్మోనియా కలిపి గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం చేస్తుంది. ఒక్కో అణువుకి ఒక ఏటీపీ ఖర్చు. అంత ఏటీపీ కొని పొయ్యాలంటే దివాలే. అందుకే పక్కన బేకరీ ఈస్టుని పెట్టి చక్కెర ఇస్తారు. ఈస్టు ఒక గ్లూకోజ్ అణువుని ఆల్కహాల్‌గా పులియబెడితే 2 ఏటీపీలు మిగులుతాయి. వాడేసిన ఏడీపీ మళ్లీ ఛార్జ్ అవుతూనే ఉంటుంది. జపాన్ శాస్త్రవేత్తలు ఈ పద్ధతి మీద చాలా పనిచేశారు.

ఇంత చేసినా హార్వర్డ్‌లో సుబ్బారావుగారికి శాశ్వత ఉద్యోగం రాలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ కంపెనీలో చేరారు. అక్కడ ఆయన టీమ్ కాలేయం నుంచి, బాక్టీరియా పులియబెట్టిన ద్రవం నుంచి ఫోలిక్ యాసిడ్‌ని వేరుచేసి, 1945 నాటికి ల్యాబ్‌లోనే తయారుచేసింది. విచిత్రం ఏంటంటే, ఆ అణువులో ఒక ముక్క గ్లుటామిక్ ఆమ్లమే! ఆ అణువునే కాస్త మార్చి, దాని పనిని అడ్డుకునే మందులు చేశారు. వాటిలో అమినోప్టెరిన్‌ని సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకి వాడారు. దాని తమ్ముడే మా అమ్మమ్మ మెథోట్రెక్సేట్.

1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, నిద్రలోనే పోయారు. మళ్లీ ఇండియా రానేలేదు. అన్నదమ్ముల్ని తీసుకెళ్లిన స్ప్రూకి ఫోలిక్ యాసిడ్ పనిచేస్తుందని మాత్రం ఆయన బతికుండగానే తేలింది. ఇద్దరినీ కాపాడే మందు చేతికొచ్చేసరికి ఇద్దరూ లేరు.

ఈ సంగతి చెప్తే అమ్మమ్మ మాత్ర చేతిలో పట్టుకుని కాసేపు చూసింది. తర్వాత, భీమవరంలో ఏ వీధి వాళ్లురా అని అడిగింది. అది నాకు ఇంకా దొరకలేదు.