సాహుకారు కాపలా నుంచి సర్కారు ఠాణా దాకా: మొదటి సాలార్‌జంగ్ జీవితం

పట్నం పోయిన మన పల్లెల వారు సాలార్‌జంగ్ మ్యూజియం చూడకుండా తిరిగి రారు. గంట కొట్టే బొమ్మ గడియారం ముందు నిలబడతారు, ముసుగు వేసుకున్న పాలరాతి రెబెక్కాను చూసి అది రాయో గుడ్డో అని ఆశ్చర్యపోతారు. మ్యూజియంలోని వస్తువులలో చాలావరకు కూడబెట్టింది మూడవ సాలార్‌జంగ్. ఆ రెబెక్కాను మాత్రం 1876లో రోము నగరంలో కొని తెచ్చింది ఆయన తాత, మొదటి సాలార్‌జంగ్. ఈ వ్యాసం ఆ తాత గురించి. వికారాబాద్, తాండూరు ప్రాంతాల వారికి ఆయన మిగిల్చి పోయినవి అద్దాల బీరువాలలో లేవు. తాండూరు స్టేషన్‌లో రైలు ఎక్కిన ప్రతివారూ, ఠాణాకు వెళ్లి ఫిర్యాదు రాసి ఇచ్చిన ప్రతి దుకాణదారూ ఆయన వేసిన బాటలోనే నడుస్తున్నారు.

ఆయన అసలు పేరు మీర్ తురాబ్ అలీఖాన్. 1829 జనవరి 21న పుట్టారు. ముత్తాత మీర్ ఆలం, తాత మునీరుల్ ముల్క్, పినతండ్రి సిరాజుల్ ముల్క్, అందరూ నిజాం కొలువులో దీవాన్లే. పేరుకు పెద్ద వంశమే గాని జాగీర్లు అప్పుల పాలయ్యాయి. తండ్రి చిన్ననాడే పోవడంతో నాయనమ్మ, పినతండ్రుల దగ్గర పెరిగారు. 19 ఏళ్ల వయసులో, 1848లో, ఖమ్మం తాలూక్దారుగా పంపించారు. అక్కడ ఆయనకు ముందు డైటన్ అనే ఇంగ్లీషు ఉద్యోగి పన్నుల వసూలు కాస్త పద్ధతిగా జరిపించి ఉన్నాడు. తురాబ్ అలీఖాన్ అక్కడ ఉన్నది కొన్ని నెలలే. అయినా తెలుగు పల్లెలో శిస్తు ఎలా వసూలవుతుంది, రైతు ఎక్కడ నలుగుతాడు అన్నది కళ్లారా చూసింది అక్కడే.

ఆనాటి రాజ్యం స్థితి చెప్పకపోతే ఆయన చేసిన పని విలువ తెలియదు. చందూలాల్ పెత్తనం నాటి నుంచీ ఖజానా వట్టిపోయింది. నగదు కావాలంటే పట్నం సాహుకార్ల దగ్గర అప్పు తేవడం, అప్పుకు బదులు తాలూకాల శిస్తును కుదువ పెట్టడం, ఇదే పరిపాలన. కుదువ పట్టిన సాహుకారు శిస్తు వసూలుకు తానే మనుషులను పంపాలి. సర్కారు సిపాయికి నెలల తరబడి జీతం అందదు గనుక అతని మీద భరోసా లేదు. అందుకని వర్తకులు అరబ్బు, రోహిల్లా సిపాయిలను సొంతంగా పెట్టుకున్నారు. కొట్టుకు కాపలా వాళ్లే, బాకీ వసూలుకు బెదిరించేదీ వాళ్లే. బాకీదారును పట్టుకుపోయి సొంత చెరలో వేసిన అరబ్బు జమేదార్లు కూడా ఉన్నారు. కొందరు జమేదార్లు తామే వడ్డీ వ్యాపారం పెట్టి, సర్కారుకే అప్పిచ్చి, ఇలాకాలు కుదువ పట్టారు.

దీని ఫలితం పల్లెల మీద పడింది. వర్తకుడు పెట్టుకున్న కాపలాదారు వర్తకుడి గుమ్మం వరకే కాపలాదారు. గుమ్మం దాటితే అతనిని అడిగే వాడు లేడు. కొలువు పోయిన రోహిల్లాలు గుంపులు కట్టి ఊళ్ల మీద పడేవారు. ఒక సాహుకారు దగ్గర నిన్న కాపలా కాసినవాడే రేపు ఇంకొక సాహుకారు బండ్లను దారిలో ఆపవచ్చు. ఎక్కువ మంది సిపాయిలను పెట్టుకోగల పెద్ద సాహుకారు సరుకు గట్టెక్కేది. సంతకు నాలుగు మూటలు మోసుకుపోయే చిన్న వర్తకుడి గతి దైవాధీనం.

సాహుకార్లదే తప్పని అనడానికీ లేదు. పెస్తన్‌జీ అనే పార్సీ వర్తకుల సంస్థ సర్కారుకు లక్షల కొద్దీ అప్పిచ్చి బీరారు శిస్తును కుదువ పట్టింది. 1845లో సర్కారు ఆ ఇలాకాలను బలవంతాన లాగేసుకుంది, బాకీ మాత్రం తీర్చలేదు. ఆ దుకాణం దివాలా తీసింది. అది చూసిన మిగతా వర్తకులు సర్కారు మాట నమ్మి తమ అరబ్బులను పంపించి వేస్తారా? ముందు నువ్వు సిపాయిలను తీసేయమని సర్కారు, ముందు నా బాకీ కట్టమని సాహుకారు. రాజ్యమంతా ఈ చిక్కుముడిలో పడి ఉంది.

1853 మే నెలలో కంటింజెంటు సైన్యం ఖర్చుల బాకీ కింద బీరారు, రాయచూరు, ధారాశివ్ ప్రాంతాలను ఇంగ్లీషు వారు తీసుకున్నారు. ఆ దిగులు మీదనే అన్నట్టు సిరాజుల్ ముల్క్ కన్నుమూశారు. నెలాఖరుకు దీవాన్ గిరీ 24 ఏళ్ల తురాబ్ అలీఖాన్ మీద పడింది. ఆయన వెనుకాడారు. ఇంటివారి మాట మీద ఒప్పుకున్నారు. సాలార్‌జంగ్ బిరుదుతోనే లోకానికి తెలిశారు.

ఆయన ఆ ముడిని కత్తితో తెంచలేదు. విప్పడానికి పన్నెండేళ్లు పట్టింది. ముందు లెక్కలు తీయించారు. ఎవరికి ఎంత బాకీ, అందులో అసలెంత, వడ్డీ మీద వడ్డీ ఎంత అని తేల్చారు. తర్వాత సాహుకార్లతో, జమేదార్లతో విడివిడిగా బేరం కుదుర్చుకున్నారు. కుదువ ఇలాకాలు సర్కారుకు తిరిగి ఇవ్వాలి, బాకీ వాయిదాల మీద తీరుతుంది అని. చెప్పిన వాయిదాకు డబ్బు అందించారు. ఈ ఒక్క సంగతే, నా లెక్కలో, మిగతా సంస్కరణలన్నిటికీ పునాది. సర్కారు గడువుకు డబ్బు కట్టడం వర్తకులు చాలా కాలానికి చూశారు. ఇలాకాలు ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. శిస్తు ఖజానాకు చేరింది, సిపాయికి జీతం అందింది. జీతం అందిన సిపాయి దారి కొట్టవలసిన అవసరం తగ్గింది.

అరబ్బులను వెళ్లగొట్టడం ఆయనకు సాధ్యమూ కాదు, ఆయన తలపెట్టనూ లేదు. వారి పెద్ద జమేదార్లను మంచి చేసుకుని, అరబ్బుల బాకీ తగాదాలను ఇష్టమొచ్చినట్టు కాక విచారణ జరిపి తీర్చే ఏర్పాటు చేశారు. రోహిల్లా గుంపుల మీదికి మాత్రం బలగాలను పంపారు.

1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ రోహిల్లాలతో కలిసి ఇంగ్లీషు రెసిడెన్సీ మీద దాడి చేసినప్పుడు సాలార్‌జంగ్ ఇంగ్లీషు వారి పక్షాన నిలిచారు. తుర్రెబాజ్ ఖాన్‌ను ఈనాడు మనం స్వాతంత్ర్య వీరుడిగా తలచుకుంటున్నాం. ఆ విషయంలో సాలార్‌జంగ్‌ను క్షమించని వారు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. ఆయన మీద 1859లో ఒకసారి, 1868లో ఇంకొకసారి హత్యాయత్నాలు జరిగాయి. రెండుసార్లూ బయటపడ్డారు.

1865లో జిల్లాబందీ వచ్చింది. రాజ్యాన్ని జిల్లాలుగా, తాలూకాలుగా విడదీసి జీతగాళ్లయిన తాలూక్దార్లను నియమించారు. ప్రతి జిల్లాకూ పోలీసు బలం ఏర్పడింది. దాని పైన మొహతమిం, తాలూకాలలో అమీన్. మన పెద్దలు ఠాణా అధికారిని అమీన్ సాబ్ అని పిలిచింది అందుకే. ఊళ్లో దొంగతనం జరిగితే పోలీసు పటేలు అమీనుకు కబురు పంపడం దీనికి కింది మెట్టు. ఎన్.టి. రామారావు ప్రభుత్వం పటేలు, పట్వారీలను తీసివేసే వరకు ఆ మెట్టు మన ఊళ్లలో ఉండనే ఉంది. 1868లో నలుగురు మంత్రులను నియమించి, అందులో ఒకరికి పోలీసు శాఖ అప్పగించారు. ఇక వర్తకుడికి సిపాయిలు లేకపోయినా ఫిర్యాదు చేసుకునే చోటు దొరికింది. అమీన్లందరూ ధర్మరాజులే అని ఎవరూ అనరు. లంచాలు పట్టిన వారు, పటేళ్లతో కుమ్మక్కయిన వారు ఎందరో. కానీ సొంత సిపాయిని అడగడానికి ఎవరూ లేని చోట, అమీను పైన అడిగే అధికారి ఒకడు వచ్చాడు.

తర్వాతది రైలు. వాడి జంక్షను నుంచి సికింద్రాబాదుకు నిజాం సర్కారు డబ్బుతో వేసిన లైను 1874లో నడిచింది. తాండూరు, వికారాబాద్, శంకర్‌పల్లి అన్నీ ఆ లైను మీదివే. ఎద్దుల మీద, బండ్ల మీద రోజుల తరబడి సాగే ప్రయాణం గంటల్లోకి వచ్చింది. అడవి దారిలో రాత్రి మజిలీ చేయనక్కర లేకపోతే దారి దోపిడీకి చోటేదీ? వర్తకుడికి వంద మంది సిపాయిలు ఇవ్వలేని ధైర్యం సరుకుల బోగీ ఇచ్చింది.

అయితే ఆ బోగీ కొందరి కూడు తీసింది. అంతవరకు ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద మోసినది లంబాడీలు. వికారాబాద్, తాండూరు చుట్టూ ఇన్ని తండాలు ఉన్నాయంటే ఆ సంచార వర్తకం గుర్తుకు రావాలి. రైలు వచ్చాక వారి బేరం పోయింది. బ్రిటిషు ఇండియాలో 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చి, పలు చోట్ల లంబాడీలను పుట్టుకతోనే దొంగలన్నట్టు జాబితాకు ఎక్కించారు. సరుకు భద్రంగా మోసిన వారికే దొంగ పేరు వచ్చింది. ఆ చట్టం రద్దయింది 1952లో. పోలీసులూ వర్తకులూ ఒక్కటైన కథ చెప్పుకునేటప్పుడు ఈ సంగతి దాచకూడదు.

ఇంకొక చిక్కు సాలార్‌జంగ్ విప్పలేకపోయారు. సర్కారు పోలీసుకు రాజ్యమంతా అధికారం లేదు. పాయిగా నవాబుల ఇలాకాలలో పోలీసు, కచేరి వారివే. వికారాబాద్ అనే పేరు పాయిగా నవాబు వికారుల్ ఉమ్రాది. ఆయన తండ్రి రషీదుద్దీన్ ఖాన్ సాలార్‌జంగ్‌కు బద్ధ ప్రత్యర్థి. బాల నిజాం మహబూబ్ అలీఖాన్ తరఫున 1877 నుంచి 1881 వరకు ఇద్దరూ కలిసి రాజ్యం నడపవలసి వచ్చినా పొసగలేదు. పైగా రైలు పట్టాల మీద అధికారం ఇంగ్లీషు రెసిడెంటుది. దొంగ రైల్లో ఉంటే ఒక పోలీసు, దిగి పొలంలో పడితే ఇంకొకరు, పాయిగా పొలిమేర దాటితే మూడోవారు. ఆయన పోయిన తర్వాత ఒక నిజాం ప్రజను శంకర్‌పల్లి స్టేషన్‌లో సిమ్లా మేజిస్ట్రేటు వారంటు మీద పట్టుకున్నారు. తగాదా లండన్ దాకా పోయింది. రైలుకు సంబంధం లేని నేరానికి అక్కడ పట్టుకునే హక్కు లేదని 1897లో ప్రివీ కౌన్సిల్ తేల్చింది.

1876లో సాలార్‌జంగ్ సీమకు వెళ్లారు. పారిస్‌లో జారిపడి తొడ ఎముక విరిగింది. కుంటుతూనే లండన్ చేరి బీరారు తిరిగి ఇవ్వాలన్న మాట ఎత్తారు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు గౌరవ పట్టా ఇచ్చారు, బీరారు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

ఇప్పుడు రాష్ట్రంలో పోలీసులు వర్తకులను తుపాకీ మనుషులను పెట్టుకోమని అడగడం లేదు, దుకాణం ముందు కెమెరా పెట్టమని అడుగుతున్నారు. వందమందికి పైగా వచ్చిపోయే చోట్ల అది తప్పనిసరని 2013లో చట్టమే వచ్చింది. తాండూరులో నాపరాయి పాలిషింగు యూనిట్ల వారు, కందుల వ్యాపారులు ఆ ఖర్చు భరించే ముందు అడిగే ప్రశ్న పాతదే: ఆ కన్ను నా గల్లాపెట్టెనే చూస్తుందా, వీధినీ చూస్తుందా? పక్కవాడి కొట్టులో దొంగ పడితే నా కెమెరా బొమ్మ ఠాణాకు ఇస్తానా? కాపలా తన గుమ్మం దాటి వీధికి పనికి రావాలన్న బేరమే 1853లో సాలార్‌జంగ్ సాహుకార్లతో ఆడింది.

1883 ఫిబ్రవరిలో ఒక జర్మను రాజవంశీయుడు అతిథిగా వస్తే మీర్ ఆలం చెరువు మీద విందు చేశారు. మరునాడు, 8వ తేదీన, కలరా సోకి సాలార్‌జంగ్ కన్నుమూశారు. వయసు 54 ఏళ్లు. పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్‌లో, తన వారి సమాధుల మధ్య, ఆయన సమాధి ఉంది. పాయిగా ఇలాకాల పొలిమేరలు మాత్రం ఇంకా 66 ఏళ్లు నిలిచి, 1949లో జాగీర్ల రద్దుతో పోయాయి.