బొమ్మకథలపై దండెత్తిన వైద్యుఁడు

ఒక పుస్తకమును ముట్టవలదని పెద్దలు శాసించినచోఁ బిల్లవాని చేయి మొట్టమొదట దానిమీఁదికే పోవును. ఈ సంగతి యెఱుఁగని యుపాధ్యాయుఁ డుండఁడు. బల్లక్రింద దాఁచి చదువుకొను పుస్తకము పాఠ్యపుస్తకము కాదు గదా! అమెరికా దేశమున నిట్టి పుస్తకములపై నొకప్పుడు గొప్ప యుద్ధము జరిగెను. ఆ యుద్ధమునకు సేనాధిపతియైనవాఁ డొక వైద్యుఁడు. నేఁ డాదేశమున నరుదైన ప్రాఁత పుస్తకములను సేకరించువారి బీరువాలలో నొక వింత కానవచ్చును. ఆనాఁడు మంటలఁ బడక మిగిలిన బొమ్మకథల పుస్తకములును, వానిని బాలుర చేతులనుండి తొలఁగింపఁ బూనిన యా వైద్యుని గ్రంథమును నొకదాని ప్రక్క నొకటి భద్రముగా నుంచఁబడి యుండును. రెండింటికిని మంచి వెల గలదు. ఆ వైద్యుని పేరు ఫ్రెడరిక్ వర్థాము. ఆయన జీవితమున మెచ్చఁదగినదియుఁ గలదు, చింతింపఁదగినదియుఁ గలదు. రెండును దాఁపక చెప్పుట మంచిది.

వర్థాము 1895వ సంవత్సరము మార్చి 20వ తేదీన జర్మనీ దేశమున నొక మధ్యతరగతి యూదుల కుటుంబమున జన్మించెను. తల్లిదండ్రు లిడిన పేరు ఫ్రీడ్రిష్ వర్ట్‌హైమర్. అమెరికా చేరిన పిదప నది కుఱుచయై వర్థామయ్యెను. లండనులోని కింగ్సు కాలేజీలోను, మ్యూనిక్, ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయములలోను జదివి, 1921లో వ్యుర్ట్స్‌బుర్గ్ విశ్వవిద్యాలయమున వైద్యపట్టమును బొందెను. మనోవ్యాధులను వర్గములుగా విభజించి ప్రసిద్ధికెక్కిన ఎమిల్ క్రేపెలిన్ గారి మ్యూనిక్ వైద్యశాలలోఁ గొంతకాలము పని చేసెను. 1922లో నమెరికాకుఁ బోయి, బాల్టిమోరు నగరమందలి జాన్స్ హాప్కిన్సు వైద్యశాలలో ఆడాల్ఫ్ మేయరు గారి క్రిందఁ జేరెను. రోగి మనస్సును దెలిసికొనఁ గోరు వైద్యుఁడు రోగి నొక్కనినే చూచినఁ జాలదనియు, వాని యిల్లు, వాని వీథి, వాని బ్రతుకుఁదెరువు నన్నియుఁ జూడవలయుననియు మేయరు గారి మతము. శిష్యుఁ డీ పాఠమును జీవితాంతము మఱువలేదు.

1927లో వర్థాము అమెరికా పౌరుఁడయ్యెను. చిత్రకారిణియైన ఫ్లోరెన్సు హెస్కెత్ ఆయనను వివాహమాడెను. 1934లో మెదడునుగూర్చి యాయన ప్రకటించిన శాస్త్రగ్రంథమునకు బొమ్మలు గీచిన దామెయే. 1932లో దంపతులు న్యూయార్కు నగరమునకు వచ్చిరి. అక్కడ నేరస్థులను బరీక్షించు న్యాయస్థాన వైద్యశాలలోను, పిమ్మట బెల్‌వ్యూ ఆస్పత్రిలోను బనిచేసి, హంతకుల మనస్తత్వమునుగూర్చి గ్రంథములు వ్రాసి, ఆయన మంచి పేరు గడించెను.

ఆ నగరమున హార్లెము అను పేటలో నల్లజాతివారు కిక్కిరిసి నివసించుచుండిరి. మనోవ్యాధి కలిగినచో వారికి వైద్యము చేయువారు మిక్కిలి యరుదు. ధనవంతుల వైద్యులు వారిని రానీయరు. వారు పోఁగల వైద్యశాలలు లేవు. రిచర్డ్ రైట్, రాల్ఫ్ ఎల్లిసన్ అను నల్లజాతి రచయితలు వర్థాముతోఁ గలసి యీ కొఱఁత తీర్పఁ బూనిరి. ధనమిచ్చు సంస్థ యేదియు ముందునకు రాలేదు. తుదకు సెంటు ఫిలిప్సు దేవాలయపు గురువగు షెల్టన్ హేల్ బిషప్ గారు తమ గుడికిఁ జేరిన భవనపు నేలమాళిగలో స్థల మిచ్చిరి. 1946లో లఫార్గ్ వైద్యశాల యక్కడ వెలసెను. వారమునకు రెండు సాయంకాలములు తలుపులు తెఱవఁబడుచుండెను. వైద్యులు, సహాయకులు తెల్లవారును నల్లవారును గలసి జీతము లేక పని చేసిరి. రోగి యిచ్చుకొనవలసినది 25 సెంట్లు మాత్రమే. అదియు లేనివాఁడు ఊరకయే చూపించుకొని పోవచ్చును. ఇట్లు సుమారు పండ్రెండేండ్లు నడచెను. పగలెల్ల పెద్దయాస్పత్రిలోఁ బనిచేసి, రాత్రి యా నేలమాళిగకు దిగి, ఉద్యోగము లేని తండ్రుల మాటలను, బడి యెగఁగొట్టిన పిల్లల మాటలను వినుచుఁ గూర్చుండిన వైద్యుని, ఆయన విరోధులు సహితము నిందింపఁజాలరు.

ఆ నేలమాళిగనుండియే మఱొక గొప్ప కార్యము జరిగెను. డెలవేరు రాష్ట్రమున నాఁడు నల్లపిల్లలకు వేఱు బడులు, తెల్లపిల్లలకు వేఱు బడులు. తెల్లపిల్లల బస్సు తమ యింటి ముందునుండియే పోవుచుండఁగా, నల్లజాతి తల్లి తన బిడ్డను తానే దూరపు బడికిఁ జేర్పవలసి యుండెను. అట్టి తల్లిదండ్రులు న్యాయస్థానము నాశ్రయించిరి. వారి న్యాయవాదులు వర్థాము సహాయము గోరఁగా, ఆయన నల్లపిల్లలను దెల్లపిల్లలను గూడ హార్లెమునకుఁ బిలిపించుకొని, పలుమాఱులు వారితో మాటలాడి, 1951లో సాక్ష్యము చెప్పెను. బడిభవనములు సమానముగా నున్నను, వేఱుచేయుటయే పిల్లల మనస్సులకు గాయమని యాయన యభిప్రాయము. మఱుసటి సంవత్సరము న్యాయాధిపతి కాలిన్సు సైట్సు నల్లపిల్లలను దెల్లపిల్లల బడులలోఁ జేర్చుకొనవలసినదని తీర్పు చెప్పెను. ఈ వ్యాజ్యము మఱి కొన్నిటితోఁ గలసి యత్యున్నత న్యాయస్థానమునకుఁ బోఁగా, 1954 మే 17వ తేదీన బడులలో జాతిభేదము చెల్లదని సుప్రసిద్ధమగు తీర్పు వెలువడెను.

ఇఁక బొమ్మకథల సంగతి. అమెరికాలోఁ గామిక్సు అనఁబడు నీ చిన్న పుస్తకములు 1930 తరువాతి పదేండ్లలోఁ బుట్టినవి. పలుచని కాగితము, రంగుల బొమ్మలు, వెల 10 సెంట్లు. 1938లో సూపర్‌మాన్ అను వీరుఁడు బయలుదేఱిన పిమ్మట వానికి గిరాకి విపరీతముగాఁ బెరిగెను. యుద్ధము ముగిసిన తరువాత వీరుల కథలు వెనుకఁబడి, దొంగల కథలు, హత్యల కథలు, దయ్యముల కథలు ప్రబలెను. వానిలోఁ గొన్ని మిక్కిలి క్రూరములు. సూదితోఁ గంటిని బొడువఁబోవు బొమ్మ, తెగిన తలను జేతఁ బట్టుకొన్న హంతకుని బొమ్మ – ఇట్టివి యేడెనిమిదేండ్ల బిడ్డ చేతిలోఁ జూచిన తల్లి యేమనుకొనును? వర్థాము గ్రహించిన యపాయ మంతయుఁ గల్పితము గాదు.

తన వైద్యశాలకు వచ్చు తుంటరి పిల్లలను బ్రశ్నింపఁగా నందఱును గామిక్సు చదువువారే యని యాయన కనిపించెను. నిజమే, కాని యానాఁడు దేశమునఁ దుంటరి కాని పిల్లలలోను చాలమంది చదువుచునే యుండిరి. ఈ రెండవ సంగతిని తూచిచూడ వలసినంతగా నాయన తూఁచలేదు. 1948 మొదలుకొని పత్రికలలో వ్రాసెను, సభలలోఁ బలికెను. దేశము చెవియొగ్గెను. ఆ సంవత్సరముననే కొన్ని పట్టణములలోఁ బిల్లలచేతనే బొమ్మకథల పుస్తకములను బోగుచేయించి బహిరంగముగాఁ దగులఁబెట్టించిరి. వెస్టు వర్జీనియాలోని స్పెన్సరులోను, న్యూయార్కు రాష్ట్రములోని బింగంటనులోను నిట్టి మంటలు లేచెను. వానిలోఁ గొన్ని క్రైస్తవ పాఠశాలల యావరణములలోనే రగిలినవని మనము మఱువరాదు. వర్థాము మాత్రము కాల్పుఁడని చెప్పలేదు. 15 ఏండ్లలోపు పిల్లల కిట్టి పుస్తకము లమ్మరాదని చట్టము చేయుఁడని మాత్రమే యాయన కోరిక.

1954 ఏప్రిలు నెలలో ఆయన గ్రంథము వెలువడెను. అమాయకులను జెఱచుట యని దాని పేరునకుఁ దెలుఁగున నర్థము చెప్పవచ్చును. జాతిభేద వ్యాజ్యము తీర్పునకును దీనికిని నడుమ నొక్క నెలయే! ఒకే మనుష్యుని రెండు పనులు, ఒకే వసంతమున ఫలించెను. గ్రంథమున నానాపిల్లల చరిత్రములును, బొమ్మకథలనుండి తీసిన చిత్రములును గలవు. తుదిని, తాను పేర్కొన్న పుస్తకములను బ్రకటించినవారి పేర్ల పట్టిక యొకటి 399, 400 పుటలలో నచ్చయ్యెను. వారు వ్యాజ్యము తెత్తురేమో యను భయమున నా కాగితమును జాల ప్రతులనుండి కత్తిరించి తీసివేసి, గ్రంథమును విపణికిఁ బంపిరి. ఆ కాగితము తెగక నిలిచిన ప్రతులు కొలఁదియే. సేకరించువాఁడు నేఁడు దీనిని గొనఁబోయినపుడు కథ చదువఁడు. తిన్నగాఁ దుదిపుటలకుఁ బోయి, కుట్టు దగ్గఱ వ్రేలు పెట్టి చూచును!

అదే నెలలో సెనేటు సభవారి యుపసంఘము న్యూయార్కులో విచారణ జరపఁగా, వర్థాము సాక్ష్య మిచ్చెను. అదే దినమున విలియము గెయిన్సు అను ప్రకాశకుఁడును సాక్ష్యమునకు వచ్చెను. తెగిన తల బొమ్మగల యట్టను సభ్యులు చూపి ప్రశ్నింపఁగా, నట్టి పుస్తకమున కది తగినదే యని యాతఁడు సమర్థించుకొనెను. ఆ జవాబు మఱునాఁడు పత్రికల కెక్కి, వ్యాపారమును ముంచెను. ప్రభుత్వము చట్టము చేయకముందే ప్రకాశకులు తామే కూడి, 1954 శరత్కాలమునఁ గఠినమైన నియమావళి నొకదాని నేర్పఱచుకొనిరి. దాని ముద్ర లేని పుస్తకములను అంగళ్లవారు పుచ్చుకొనరైరి. పెక్కు సంస్థలు మూతపడెను. ఎందఱో చిత్రకారులకు జీవనము పోయెను. వర్థామునకు నీ నియమావళియు రుచింపలేదు. ఆయన కోరినది చట్టము, వర్తకుల మాట కాదు.

ఇట్లు విపణినుండి మాయమైన పుస్తకములు మఱి పదునైదు, ఇరువదేండ్లకు వేఱు రూపమున మరల వచ్చెను. వానిని బాల్యమునఁ జదివినవారు పెద్దవారై వెదకఁ జొచ్చిరి. దొరకుట దుర్లభము. యుద్ధకాలమునఁ జిత్తుకాగితముల సేకరణలోఁ బోయినవి కొన్ని. మంటలలోఁ బోయినవి కొన్ని. తల్లులు పాఱవేసినవి లెక్కకు మిక్కిలి. మిగిలినవాని కాగితము పులుపెక్కి, పసుపువన్నె దిరిగి, పట్టిన చోట పొడియగుచుండును. అందుచేత వానిని బారదర్శకపు సంచులలో, వెనుక దళసరియట్ట యొకటి వేసి దాఁతురు. 1970లో రాబర్టు ఓవర్‌స్ట్రీట్ ఈ పుస్తకముల ధరల సూచిక నొకదానిని ప్రకటింప నారంభించెను. ఆ సూచికలోఁ గొన్ని పుస్తకముల యెదుట, వర్థాము గ్రంథమున నిది పేర్కొనఁబడినదని గుర్తు వేయుట యాచారమయ్యెను. ఆ గుర్తున్న పుస్తకమునకు వెల హెచ్చు. ఆయన యే బొమ్మను జూపి రోసెనో యా బొమ్మగల సంచిక, నాఁడు 10 సెంట్లది, నేఁడు వేలకొలఁది డాలర్లు పలుకును. కంటి బొమ్మగల 1947 నాఁటి నేరకథల సంచిక యట్టిదే. విషముల పట్టిక యని వైద్యుఁడు వ్రాసినది, వేఁటకాండ్రకు దారి చూపు పటమయ్యెను. ఆ బీరువాలలోనే, 1954లో లండనులో జెఫ్రీ వాగ్నరు బొమ్మకథలు మొదలగువానిపై వ్రాసిన ఖండన గ్రంథమును గూడఁ జూడవచ్చును. ఇంగ్లండులోను 1955లో పిల్లలకు హానికరములగు ప్రచురణలపైఁ జట్టము వచ్చెను.

ముసలితనమున వర్థాము చేసిన పని మఱింత యాశ్చర్యకరము. బొమ్మకథల యభిమానులు తమలోఁ దామే యచ్చువేసికొని పంచుకొను చిన్నపత్రికలు కొన్ని యాయన కందెను. లాభాపేక్ష లేక, ఉత్సాహమే మూలధనముగా నడచు నా పత్రికలను జదివి యాయన మెచ్చుకొని, 1973లో వానిపై నొక గ్రంథము వ్రాసెను. ఆ సంవత్సరమున నభిమానులు న్యూయార్కులోఁ దమ సభకు నాయన నాహ్వానించిరి. సభికులు మాత్రము ప్రాఁత పగ మఱువక కటువుగాఁ బ్రశ్నించిరి. అప్పటి కాయన వయస్సు 78 ఏండ్లు. పిమ్మట మఱి యట్టి సభలజోలికిఁ బోక, పెన్సిల్వేనియాలోని కెంప్టన్ గ్రామమునఁ దన క్షేత్రమున నుండి, 1981 నవంబరు 18వ తేదీన మరణించెను.

ఆయన తన రోగుల నివేదికలను, ఉత్తరములను, సంచికలను నొక్క కాగితము పాఱవేయక దాఁచెను. అవి వాషింగ్టనులోని కాంగ్రెసు గ్రంథాలయమునకుఁ జేరి, 2010లోఁ బరిశోధకులకుఁ దెఱవఁబడెను. ఇలినాయి విశ్వవిద్యాలయమున గ్రంథాలయశాస్త్రము బోధించు కారల్ టిల్లీ యనునామె మొదటి నివేదికలను అచ్చుపుస్తకముతోఁ బోల్చి చూచి, 2012లోఁ దన నిర్ణయమును బ్రకటించెను. ఇద్దఱు బాలుర మాటలను వర్థాము ఒక్కని మాటలుగాఁ గలిపిన చోట్లు గలవు. తన సహవైద్యులు చూచిన పిల్లలను దానే చూచినట్లు వ్రాసిన చోట్లు గలవు. ఒక బాలిక బడికి రాకుండుటకు బొమ్మకథలు కారణమని చెప్పుచు, ఆమె యిల్లు విడిచి పాఱిపోవుటయు, దుష్టసహవాసమును నివేదికలో నుండఁగా నవి విడిచివేసెను. ఇంటిని, వీథిని, బ్రతుకుఁదెరువును జూడవలయునన్న మేయరు గారి శిష్యుఁ డాయనయే! డెలవేరు న్యాయస్థానమున నాయన మాటను బరీక్షించుటకు ఎదుటిపక్షపు న్యాయవాది యుండెను. గ్రంథమున కట్టివాఁడు లేఁడు; నివేదికలు తాళముక్రింద నుండెను. పిల్లలు నిజముగాఁ జెప్పుకొన్న బాధలు – పేదఱికము, కొట్టు తండ్రి, గదిలేని యిల్లు – ఆ కాగితములలో నేఁటికిని జదువవచ్చును. అచ్చులో నవి వెనుకకుఁ బోయినవి.

ప్రకాశకుల నియమావళి 2011లో నంతరించెను. వర్థాము కాగితములు 200కు పైఁబడిన పెట్టెలలో నున్నవి. వానిలో 1967 నాఁటి కిడ్ కోల్ట్ అను గుఱ్ఱపురౌతు కథల సంచిక యొకటి, ఆయన చేతివ్రాఁతతో నిండి యున్నది. అప్పటికి బొమ్మకథల యుద్ధము ముగిసి పదుమూఁడేండ్లు గడచినది. నియమావళి యమలులో నున్నది. అయినను వృద్ధవైద్యుఁడు పుటలు త్రిప్పి, బొమ్మ లొక్కొక్కటిగా లెక్కించి, 111 బొమ్మలలో 69 కొట్లాట బొమ్మలని తేల్చి వ్రాసికొనెను.